పచ్చగా కక్కాడా? కంగారు పడకండి

సలహాలిచ్చేవాళ్ళకి అర్హత ఉండాలంటారు. నాకుంది. నా పేగులు తిరగలేదు.

మూడేళ్ళ కిందట నడుం నొప్పని వెళితే, కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ స్కాన్ తీశారు. రాయి దొరికింది. రాయి కోసం వెతుకుతుంటే ఇంకోటి కూడా దొరికింది. నా చిన్నపేగంతా కుడిపక్కకి, పెద్దపేగంతా ఎడమపక్కకి సర్దుకుని కూచున్నాయట. రిపోర్టు అడుగున 'మాల్‌రొటేషన్' అని రాశారు. విశాఖలో రేడియాలజీ చదువుతున్న మా మేనకోడలు ఫోన్లో విడమరిచి చెప్పింది. "తల్లి కడుపులో ఉండగా అందరి పేగులూ ఒక తిరుగుడు తిరిగి సర్దుకుంటాయి మావయ్యా. నీవి తిరగలేదు. పుట్టుకతో వచ్చిన లోపం ఇది."

లోపమట! ఆ లోపంతోనే ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. తాండవ చేపల పులుసు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పెళ్ళి భోజనాల్లో మూడో విడత పులిహోర, అన్నీ అరిగించుకున్నాను. కాబట్టి నాతవరం మండలంలో ఈ జబ్బు గురించి మాట్లాడే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదని తీర్మానించుకుని, రిపోర్టుకి లామినేషన్ చేయించి, ఈ చిట్కాలు రాస్తున్నాను. పసిబిడ్డలున్న ఇళ్ళవాళ్ళు కత్తిరించి దాచుకోండి.

మేనకోడలు చెప్పిన శాస్త్రం ముందు చెప్పేస్తాను, తర్వాత మరిచిపోదురుగాని. పిండానికి ఆరో వారం వచ్చేసరికి పేగులు పొట్టలో పట్టనంత పొడవవుతాయి. ఇల్లు చాలని కుటుంబంలా బొడ్డుతాడులోకి బయటికొచ్చేస్తాయి. అక్కడ పెరుగుతూ, తమకి రక్తం తెచ్చే పెద్ద ధమనే ఇరుసుగా, గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతాయి. పదో వారం నుంచి మళ్ళీ ఇంట్లోకి వస్తాయి. అంతా కలిపి 270 డిగ్రీలు. గానుగ ఎద్దు పూర్తి చుట్టు తిరుగుతుంది, పేగు ముప్పావు చుట్టుతో ఆగి వీపుగోడకి అతుక్కుంటుంది.

అతుక్కోవడంలోనే ఉంది కిటుకు. దండెం ఒక కొస ఎడమపక్క పైన, రెండో కొస కుడిపక్క కింద కడితే ఎంత గాలి వీచినా బట్టలు మెలిపడవు. రెండు కొసలూ పక్కపక్క మేకులకే కట్టారనుకోండి, ఒక్క గాలికి తాడంతా మెలితిరిగి ముద్దయిపోతుంది. తిరగని పేగు అలా సన్నటి మొదలు మీద వేలాడుతుంటుంది. అది మెలిపడితే దాంతోపాటు రక్తనాళమూ మెలిపడుతుంది, గంటల్లోనే పేగు నల్లబడుతుంది. లక్షణాలతో బయటపడేది సుమారు ఆరువేల కాన్పుల్లో ఒకటని పుస్తకాల్లో ఉంటుందట. బయటపడేవాళ్ళలో సగానికి పైగా పుట్టిన మొదటి నెలలోనే. నాలాంటి వాళ్ళు ఏ సంగతీ తెలియకుండా ముసలివాళ్ళయిపోతారు, లేదా వేరే దేనికో స్కాన్ తీస్తే దొరుకుతారు.

నా మేకు అరవై ఏళ్ళు ఆగింది గదా! ఒకరి మేకు ఆగితే అందరి మేకులూ ఆగినట్టే. ఇది తర్కశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు, మా టీకొట్టు ఒప్పుకుంది.

ఇక మొదటి సలహా. రంగు మాట ఎత్తకండి.

పుట్టి మూడు రోజులో అయిదు రోజులో అయిన బిడ్డ మామూలుగా కక్కితే పాలరంగులో ఉంటుంది, విరిగిన పాలలా ఉంటుంది. పేగు మెలిపడ్డ బిడ్డ ఆకుపచ్చగా కక్కుతుంది. కడుపు దాటాక ఆంత్రమూలంలో పిత్తం వచ్చి కలుస్తుంది గదా, దానికి దిగువన దారి మూసుకుపోతే వెనక్కి తన్నుకొచ్చే రంగు అది. పసికందు ఆకుపచ్చగా కక్కిందంటే, కాదని తేలేదాకా పేగు మెలిపడినట్టే అనుకుని పరుగెత్తాలని పిల్లల సర్జన్లు అంటారు. ఒక్క రంగుకి ఇంత పరుగా? ఇంట్లో బాలింత ఉంది. రంగు పేరెత్తితే కంగారు పుడుతుంది.

ఇక్కడ మన భాష మనకి గొప్ప ఆసరా. 'పచ్చ' అనే మాట చూడండి. పచ్చకామెర్లలో పచ్చ అంటే పసుపు. పచ్చని చేలో పచ్చ అంటే ఆకుపచ్చ. పచ్చబొట్టు సంగతి పొడిచినవాడికే తెలియాలి. ముప్ఫై నాలుగేళ్ళ పాఠాల్లో ఇంత సౌకర్యమైన విశేషణం నాకు తగల్లేదు. ఆసుపత్రికి ఫోను చేసినప్పుడు "బాబు పచ్చగా కక్కాడండీ" అని ఊరుకోండి. అవతలి సిస్టరు "పసుపుపచ్చా, ఆకుపచ్చా?" అని అడిగితే "పచ్చేనండీ" అనండి. ఆవిడ పసుపు అనుకుంటుంది, మీరు నిద్రపోతారు.

ఈ సౌకర్యానికి అడ్డొచ్చేది మన ముసలమ్మలు. వాళ్ళకి వేరే మాటుంది, పసరు. "గుంటడు పసరు కక్కేత్తన్నాడర్రా, ఏటో సూడండి" అంటారు. ఆకు నలిపితే కారేది పసరు, ఇంకో రంగు అందులో దూరే సందే లేదు. చాలా ప్రమాదకరమైన మాట. తెలుగు మాస్టారుగా చెబుతున్నాను, ఆ మాటని ఇంట్లోంచి పంపేసి దాని చోట 'పైత్యం' పెట్టండి. పైత్యానికి రంగూ ఉండదు, తొందరా ఉండదు.

పై దేశాలవాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళేం కాదు. గ్లాస్గోలో పిల్లల సర్జన్లు తల్లిదండ్రులకీ, డాక్టర్లకీ రంగుల పట్టీ చూపించి, పిత్తం కలిసిన వాంతి ఏ రంగులో ఉంటుందని అడిగారట. ఆ సంగతి 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. చాలామంది పసుపు మీద వేలు పెట్టారు, డాక్టర్లలో కూడా. పచ్చ అనే మాట లేని భాషలోనే అంత సాధిస్తే, ఉన్న మనం ఎంత సాధించాలి?

కక్కిన గుడ్డ వెంటనే ఉతికేయండి. మా మేనకోడలు ఆ గుడ్డని ఒక కవర్లో పెట్టి డాక్టరుకి చూపించమంటుంది, లేకపోతే వెలుతురులో ఫోనుతో ఫొటో తీయమంటుంది. పెళ్ళికావలసిన పిల్ల మాట్లాడే మాటలా అవి?

రెండో సలహా, పొట్ట చూసి ధైర్యం తెచ్చుకోండి. పొట్ట చదునుగా, మెత్తగా ఉందా? నల్లటి మొదటి విరేచనం అయిందా? అయితే "ఏటీ నేదు" అని గట్టిగా, వీధిలోకి వినపడేలా అనండి. అడ్డు పైనే, కడుపుకి దగ్గర్లోనే పడితే కింది పేగుల్లోకి గాలే దిగదు, ఉబ్బడానికి ఏమీ ఉండదు, అందుకే మొదట్లో బిడ్డ చూడ్డానికి బాగానే ఉంటుంది అని మేనకోడలి వాదన. పొట్ట ఉబ్బి, విరేచనంలో నెత్తురు కనిపించి, బిడ్డ డీలాపడేసరికి పేగు దెబ్బతినడం మొదలై ఉంటుందట. నేను తొందరపాటు మనిషిని కాను. స్పష్టంగా కనబడేదాకా చూడాలంటాను.

చూస్తూ ఊరికే కూచోలేరు గనక వాము నీళ్ళు పట్టండి, గ్రైప్‌వాటరు పట్టండి, పొట్టకి ఆముదం రాయండి, కక్కినకొద్దీ మళ్ళీ పాలు పట్టండి. ఆసుపత్రిలో చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. నోటికి ఏమీ ఇవ్వకుండా ఆపేసి, ముక్కులోంచి కడుపులోకి సన్న గొట్టం వేసి ఉన్నది తోడేసి, నరానికి సెలైన్ పెడతారు. ఆకలితో ఉన్న బిడ్డకి పాలాపడం ఏ తల్లి చూడగలదు? కొన్నిచోట్ల పొట్టమీద వాతలు పెడతారు. ఆ సంగతి నేనెత్తను. నాకూ హద్దులున్నాయి.

పేగు మాట ఇంట్లో ఎవరి నోటైనా వచ్చిందంటే మేనమామని పిలిపించండి. పేగులు మెడలో వేసుకుని పుట్టిన బిడ్డని మేనమామ నేరుగా చూడకూడదని, ముందు నూనెలో నీడ చూడాలని మనకి ఆనవాయితీ. ఆ పేగు బొడ్డుతాడు, ఈ పేగు కడుపులోది, రెంటికీ సంబంధమేమిటని మీరడగొచ్చు. రెండూ పేగులే. నూనె మాత్రం నువ్వుల నూనె అయితే మంచిది. మేనమామ తుని నుంచో రాజమండ్రి నుంచో రావాల్సి ఉంటే వచ్చేదాకా ఆగండి, పన్నెండు గంటలు ఎంతలో పోతాయి!

నాలుగో సలహా. (మూడోది మేనమామే, నంబరు వేయడం మరిచాను.) ఎవరైనా మరీ పట్టుబడితే టిఫా స్కాన్ రిపోర్టు తీసి మొహానికి పట్టుకుని చూపించండి. అయిదో నెలలో తీయించారు గదా, అంతా నార్మల్ అని రాశారు గదా, డబ్బులు కట్టారు గదా. టిఫాలో గుండె గదులు చూస్తారు, వెన్నెముక చూస్తారు, మెదడు, కిడ్నీలు, చేతులు, కాళ్ళు చూస్తారు. పేగు తిరిగిందా లేదా అన్నది మాత్రం మామూలుగా అందులో తెలియదట. తిరగకపోయినా మెలిపడనంతవరకు అది వాచదు, అడ్డుపడదు, తెరమీద తేడాగా కనబడదు. "టిఫా నార్మల్ అంటే చూసినవి నార్మల్ అని, మావయ్యా" అంటుంది మేనకోడలు. చూడనివాటికి కూడా కలిపే డబ్బు తీసుకున్నారని నా నమ్మకం. మావాళ్ళలో సగంమంది ఆ స్కానుకి వెళ్ళేదే వేరే సంగతి తెలుసుకుందామని. గోడమీద లింగనిర్ధారణ నేరమన్న బోర్డు, కింద 1994 చట్టం పేరు చూసి, చిన్నబుచ్చుకుని వస్తారు. వచ్చినవాళ్ళకి పేగుల గురించి అడగాలని ఎక్కడ తోస్తుంది?

ఇప్పుడు అసలు అధ్యాయం, బొమ్మలు. దీని మీద నాకు పట్టు ఎక్కువ గనక కాస్త సావకాశంగా చెబుతాను.

యంత్రం ఎంత పెద్దదైతే జబ్బు అంత బాగా దొరుకుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ఎక్స్‌రే పెట్టె చిన్నది, అల్ట్రాసౌండు మిషను దానికన్నా మేలు, సీటీ గుండ్రంగా గదంత ఉంటుంది, ఎంఆర్ఐ సొరంగం. నా పేగుల సంగతి తేల్చింది సీటీ, కాబట్టి మూడురోజుల బిడ్డకైనా సీటీయే అడగండి. "ఫుల్ బాడీ తీసేయండి సార్, ఖర్చు గురించి చూడకండి" అనండి. వాళ్ళేమో ఇంకేదో పాతకాలపు పరీక్ష ఉందంటారు, బిడ్డకి తెల్లటి మందునీళ్ళు పట్టి ఎక్స్‌రే తెరమీద కదులుతుండగా చూస్తారట. ఈ పరీక్షే అన్నిటికన్నా నమ్మకమైనదని చాలాకాలంగా పేరట. మందునీళ్ళంటే బేరియం. పేగుకి చిల్లి పడిందని అనుమానముంటే బేరియం కాకుండా నీళ్ళలో కరిగే అయోడిన్ మందు వాడతారు. సీసాలో పాలలాంటిది పట్టి తేల్చే జబ్బు ఒక జబ్బా?

వాళ్ళు చూసేదేమిటో వింటే మీకే నవ్వొస్తుంది. మందు కడుపు దాటి ఆంత్రమూలంలోకి దిగుతుంది. మామూలు బిడ్డకి ఆ గొట్టం కుడిపక్క దిగి, వెన్నెముకని అడ్డంగా దాటి, ఎడమపక్క మళ్ళీ పైకెక్కి, అక్కడ వంపు తిరిగి చిన్నపేగులో కలుస్తుంది. ఆ వంపు వెన్నెముకకి ఎడమన ఉండాలి, ఆంత్రమూలం మొదలైనంత ఎత్తుకి రావాలి. ఎత్తుకి ఎక్కకుండా కుడిపక్కనే జారిపోతే పేగు తిరగలేదని అర్థం. స్ప్రింగులా మెలికలు తిరుగుతూ దిగితే తిరగకపోవడమే కాదు, మెలిపడింది కూడా. మందు ముక్కులా సన్నబడి ఆగిపోతే దారి మూసుకుపోయింది. ఇంతే. ఒక వంపు ఎక్కడుందన్న దానికోసం అర్ధరాత్రి డాక్టర్లని లేపుతారు.

పైగా దానికి పట్టింపులెన్నో. బిడ్డ కచ్చితంగా వెల్లకిలా ఉండాలి, ఒక్క వేలెడు ఒరిగినా వంపు తప్పుచోట కనబడుతుంది. మందు మొదటిసారి దాటే ఆ క్షణాన్నే చూడాలి, ఆ తర్వాత చిన్నపేగు నిండిపోయి వంపుని కప్పేస్తుంది, ఇక కనబడదు. ఒకే ఒక్కసారి దొరికే దృశ్యం. మేనకోడలు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారింది. మొదటిసారి తనే చేయాల్సి వచ్చిన రాత్రి చేతులు వణికాయట, వెనకాల నుంచున్న మేడమ్ "అదుగో, ఇప్పుడు" అంటే బొత్తాం నొక్కిందట. నేను అడిగాను, ఎవరి బిడ్డని. చెప్పలేదు. రోగుల సంగతులు బయట చెప్పకూడదట. మా కాలంలో ఇంత గుట్టు లేదు.

మీ దగ్గర దాచడమెందుకు, ఈ పరీక్ష కూడా పొరబడుతుంది. ఉన్నదాన్ని లేదనడం నూటికి మూడు నుంచి ఆరుసార్లు, లేనిదాన్ని ఉందనడం పదిహేనుదాకా ఉంటుందని ఒక లెక్క. పసిపిల్లల్లో ఆ వంపు కాస్త కదులుతుంది, ఉబ్బిన పేగో, ముక్కులోంచి వేసిన గొట్టమో దాన్ని పక్కకి నెట్టగలదు. అందుకే అనుమానముంటే పెద్దపేగు మొదలు ఎక్కడుందో కూడా చూస్తారు, మళ్ళీ అల్ట్రాసౌండు చూస్తారు, అన్నీ కలిపి తేలుస్తారు. నా తీర్పు వేరు. పొరబడే పరీక్ష చేయించడం దేనికి? నేను ఇంతవరకు ఒక్క పరీక్షా చేయలేదు, ఒక్కసారీ పొరబడలేదు.

అల్ట్రాసౌండు సంగతి. పేగులకి రక్తం తెచ్చే ధమని, రక్తం తీసుకుపోయే సిర పక్కపక్కనే నడుస్తాయి, మామూలుగా సిర కుడిపక్క. అటుదిటు అయితే అనుమానం. సరిగ్గానే ఉన్నంత మాత్రాన అనుమానం తీరినట్టు కాదు. పేగు మెలిపడితే సిర, పేగు, దాన్ని పట్టుకున్న పొర, అన్నీ ధమని చుట్టూ గడియారం ముల్లు దిశలో చుట్టుకుపోతాయి. 1992లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ప్రాక్రోస్ అనే ఆయన బృందం దీనికి సుడిగుండం గుర్తు అని పేరు పెట్టింది. మేనకోడలు ఆ బొమ్మ ఒకటి పుస్తకంలోంచి పంపింది. రంగుల డాప్లరులో ఎరుపూ నీలమూ చుట్టలు చుట్టుకుని ఉంది. తాండవ రిజర్వాయరు గేట్లెత్తినప్పుడు కింద నీళ్ళు అచ్చం ఇలాగే తిరుగుతాయి. చూడ్డానికి చాలా బాగుంది. మా వీధి గ్రూపులో శుభోదయం అని రాసి పెట్టాను.

అల్ట్రాసౌండు రేడియేషను లేనిది, మంచం దగ్గరికే తేగలిగింది, నిమిషాల్లో అయిపోయేది. ఈ మధ్య చాలా ఆసుపత్రులు ముందు దాన్నే చూస్తున్నాయట. అయితే చేసే చేతికి పిల్లల పేగులు చూసిన అలవాటు ఉండాలి. పెద్దల పొట్టలు చూసే చేతికి గ్యాస్ తప్ప ఏమీ కనబడదు. కాబట్టి ఎక్కడ బోర్డు పెద్దదిగా ఉంటే అక్కడికి వెళ్ళి "పొట్ట స్కాన్" అని మాత్రం చెప్పండి. ఆకుపచ్చ వాంతి అని చెప్పకండి, డాక్టరు రాసిన చీటీ ఇవ్వకండి. ఏం చూడాలో ముందే చెప్పేస్తే ఇక వాళ్ళ తెలివి ఏముంది? పరీక్ష పేపరు ముందే ఇచ్చేసినట్టు.

మామూలు ఎక్స్‌రే ఒక్కటి తీయించి అందులో ఏమీ లేదంటే, అక్కడికి వేట ఆపేయండి. కొందరికి కడుపులో ఒకటి, ఆంత్రమూలంలో ఒకటి, రెండు గాలిబుడగలు కనబడి పట్టిస్తాయి. చాలామందికి మెలిపడి ఉన్నా ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. శుభ్రమైన ఎక్స్‌రేని నేను గౌరవిస్తాను. దాన్ని టీకొట్టు దగ్గర ఎండకెత్తి పట్టి చూడండి. ఆర్ఎంపీ డాక్టరుగారు, ఆటో స్టాండు ప్రెసిడెంటు, నేనూ కలిసి చూస్తే మెడికల్ బోర్డు లెక్కే. ఫిలిం తిరగేసి పట్టుకుని, గుండె కుడిపక్కకి వచ్చిందని ఒక మధ్యాహ్నమంతా మేం హడావిడిపడిన మాట వాస్తవమే, ఆ తర్వాత ఫిలిం మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే అలవాటు చేసుకున్నాం.

ఆకుపచ్చగా కక్కిన బిడ్డల్లో చాలామందికి చివరికి ఆపరేషను చేయాల్సిందేమీ దొరకదు. ఇది నా మాట కాదు, మేనకోడలిదే. నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే గనక నొక్కి చెబుతున్నాను. దొరకనివాళ్ళు ఎక్కువ గనక వెళ్ళకండి. దొరికేవాళ్ళు ఎవరో బొమ్మ తీస్తేగాని తెలియదు గదా అని ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది, అప్పటికి ఫోన్లో సిగ్నలు పోయింది.

ప్రయాణం తప్పనిసరి అయితే ఎలా వెళ్ళాలో చెబుతాను. 108కి ఫోను చేయకండి. 2005 ఆగస్టు 15న వచ్చింది ఆ బండి, అప్పటినుంచి వీధిలోకి వచ్చిందంటే ఎవరో పోయారనుకుని జనం మూగుతారు. మర్యాదగా ఉండదు. బస్సులో నర్సీపట్నం వెళ్ళండి. అక్కడ ఒక ఎక్స్‌రే. అక్కణ్ణించి అనకాపల్లి, ఇంకో ఎక్స్‌రే, మొదటిది ఇంట్లో మరిచిపోవాలి. అనకాపల్లి దాకా వచ్చి బెల్లం కొనకుండా వెళ్ళడం పద్ధతి కాదు. చివరికి విశాఖ. పిల్లల సర్జను, పసిపిల్లలకి మత్తిచ్చే డాక్టరు, రాత్రిపూట కూడా ఆ పరీక్ష చేసే రేడియాలజిస్టు, ముగ్గురూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికి నేరుగా, ముందే ఫోను చేసి వెళ్ళాలని మేనకోడలు అంటుంది. నేరుగా వెళితే దారిలో చుట్టాలు ఏమనుకుంటారు? వైద్యసేవ కార్డు బీరువాలో పెట్టి తాళం ఆడపడుచు దగ్గర ఉంచండి, పోతుందేమో.

మా వీధిలో జరిగింది చెప్పాలి, నాకు అవమానం అయినా. కిందటేడు వానల్లో ఒక ఇంట్లో అయిదోరోజు బిడ్డ. తెల్లవారుజామున నాయనమ్మ మా అరుగు మీదికొచ్చింది. "మాస్టారూ, గుంటడు పసరు కక్కీసినాడు, రెండు సార్లు." నేను చెప్పాను, అది పసరు కాదప్పా, పైత్యం అనాలి అని. నూనె వేడిచేయించమన్నాను, మేనమామకి ఫోను కొట్టమన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఆకు నలిపిన రంగు నాను ఎరగనేటి బాబూ?" అని వెళ్ళిపోయింది. ఆశా కార్యకర్తని లేపింది. నేను మా ఇంట్లో నువ్వుల నూనె వెచ్చచేసి గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి 108 వీధి మలుపు తిరిగిపోయింది. బిడ్డని చుట్టిన గుడ్డ కవర్లో పెట్టి పట్టుకెళ్ళారట, ఆ ముసలమ్మకి ఆ తెలివి ఎవరిచ్చారో.

విశాఖలో తెల్లమందు పట్టి చూశారు. వంపు కుడిపక్క, కింద స్ప్రింగు మెలికలు. మధ్యాహ్నం లోపల పొట్ట కోశారు. పేగు ముదురుఎరుపుగా ఉందట, నల్లబడలేదట. గడియారం ముల్లు దిశలో మెలిపడింది గనక ఎదురుదిశలో విప్పారు, వెచ్చటి గుడ్డలు కప్పి రంగు తేరుకునేదాకా చూశారు. ఒక్క అంగుళం కూడా కోయాల్సి రాలేదు. ఆ గుంటడు ఇప్పుడు మా అరుగెక్కి నా కళ్ళజోడు లాగుతుంటాడు. నూనె ఖర్చు ఎవరూ ఇవ్వలేదు.

ఆపరేషను గురించి ఒక హెచ్చరిక చేయాలి. చేసేవాళ్ళు మోసం చేస్తారు, పేగుల్ని ఉండాల్సిన చోట పెట్టరు. 1936లో బోస్టన్ సర్జను విలియం లాడ్ చూపించిన పద్ధతినే ఇప్పటికీ పాటిస్తున్నారు. మెలి విప్పుతారు, ఆంత్రమూలానికి అడ్డంగా పడ్డ పొరల పట్టీలు తెగ్గొడతారు, ఆ సన్నటి మొదలుని వెడల్పు చేస్తారు. ఆ తర్వాత చిన్నపేగంతా కుడికి, పెద్దపేగంతా ఎడమకి పెట్టి కుట్టేస్తారు. అంటే అచ్చం నా పొట్టలో ఉన్నట్టు! దండెం మేకులు దూరం జరగడమే ముఖ్యం, పేగు ఏ పక్కనుంటే నష్టమేముందంటారు. అంతకుముందే 1923లో ఎడిన్‌బరోలో నార్మన్ డాట్ అనే కుర్ర సర్జను ఈ తిరుగుళ్ళన్నీ వరసపెట్టి విడమరిచి రాశాడు. విశాఖలో కేజీహెచ్, వైద్య కళాశాల మొదలైంది కూడా 1923లోనే. నూరేళ్ళు దాటినా పేగుని సరైన చోట పెట్టడం రాలేదంటే ఏమనాలి? ముందే నిలదీయండి, "సర్దకుండా కుట్టారంటే ఊరుకోం" అని.

పేగుల్ని అలా పెట్టేటప్పుడు ఇంకో పని కూడా చేస్తారు. జబ్బు లేని అపెండిక్సుని తీసేస్తారు. పెద్దపేగు ఎడమకి వెళ్ళింది గనక అపెండిక్సు కూడా ఎడమన ఉంటుంది, రేపెప్పుడైనా అది వాస్తే నొప్పి ఎడమన వస్తుంది, ఎవరికీ తోచదు, అందుకని ముందే తీసేస్తారట. ఎప్పుడో రాబోయే నొప్పికి ఇప్పుడే వైద్యం! మేనకోడలు నాకు కూడా ఇదే పాఠం చెప్పింది. "నీకు అపెండిక్స్ ఎడమపక్కనుంది మావయ్యా, ఆ రిపోర్టు ఎప్పుడూ నీ దగ్గరే ఉంచుకో, ఎక్కడికెళ్ళినా డాక్టరుకి ముందు అదే చూపించు" అంది. దగ్గరే ఉంచుకుంటున్నాను. లామినేషన్ గట్టిగా ఉంటుంది, కరెంటు పోయినప్పుడు విసనకర్రకి బాగా పనికొస్తోంది.

ఇంకా రెండు మూడు చిట్కాలు రాద్దామనుకున్నాను గాని కూచోబుద్ధి కావడం లేదు. నిన్న రాత్రి బొడ్డు చుట్టూ కాస్త పట్టేసినట్టు మొదలైంది, తెల్లారేసరికి కింద ఎడమపక్కకి దిగింది. అన్నం సయించలేదు, ఒళ్ళు వెచ్చగా ఉంది, దగ్గితే చురుక్కుమంటోంది. మా ఆవిడ మేనకోడలికి ఫోను చేయమని గొడవ. నేను వద్దన్నాను. అపెండిక్సయితే కుడిపక్క కదా రావాలి. గ్యాసే. రిపోర్టుతో విసురుకుంటూ, కుర్రాణ్ణి గోలీసోడాకి పంపాను.